మూడవ పళ్ళెం

తాబేళ్ళు రెండే మిగిలి పదకొండు వారాలైనప్పటికీ, ఓపల్ ప్రతి ఉదయమూ మూడు పళ్ళాలలోనే మేత పెడుతున్నది.

ఆరు గంటలకు పెరటి మెట్టు మీద కూర్చుని, చెక్కపలక ఒడిలో పెట్టుకుని, తడిగోనె కింద చేరిన వానపాములను తరుగుతుంది. రాలిన మల్బరీ పళ్ళు నాలుగు చిదిమి వాటిలో కలుపుతుంది. పైన గుడ్డుపెంకుల పొడి చల్లుతుంది. రెండు రేకు మూతలు పేరులేని ఆ రెండింటికి. మూడవది, నీలం అంచున్న పింగాణీ పూత పళ్ళెం, కల్నల్ అనే ముసలి తాబేలుది. దానిని తాబేళ్ళ ఆవరణలో ఉత్తరపు గోడ వద్ద, అలవాటైన చోటనే పెడుతుంది. సాయంకాలం చీమలు పట్టిన ఆ మేతను కోళ్ళకు విదిలించి, పళ్ళెం కడిగి బోర్లిస్తుంది. వంటింటి కిటికీలో నుంచి చూసేవారికి ఇదంతా స్పష్టంగా కనపడుతుంది. కల్నల్ చచ్చిపోయిన సంగతి ఆ ఇంటిలో ఓపల్‌కు తప్ప మరెవరికీ తెలియదు.

వారుండే ఓజార్క్ కొండలలో ఆ జాతి తాబేలు ఎరుగని ఇల్లు ఉండదు. పొట్ట కింది పెంకుకు అడ్డంగా బందు ఉండి, తలా కాళ్ళూ లోపలికి లాక్కుని డబ్బా మూత వేసినట్లు మూసుకుపోతుంది గనుక దానిని పెట్టె తాబేలు అంటారు. కల్నల్ మాత్రం ఓపల్ మెట్టినింటివారైన స్ట్రౌడ్ వంశపు ఆస్తి. ఆమె భర్త హార్లన్ తాత ఏమస్ 1911లో ఏటి పల్లంలో దానిని పట్టుకుని, రెండవ పెళ్ళికి ముందురోజు జేబుకత్తితో దాని పొట్టపెంకు మీద తన పేరు పొడి అక్షరాలనూ సంవత్సరాన్నీ చెక్కాడు. అది మొదలు ఆ ఇంట పెళ్ళైన ప్రతి మగవాడి అక్షరాలూ ఆ పెంకు మీదికి ఎక్కాయి. భోజనాలయ్యాక వరుని తండ్రి చెక్కుతాడు. తాబేలును వెల్లకిలా కదలకుండా పట్టుకోవలసినది పెళ్ళికూతురు. పట్టుకున్నవారి పేరు చెక్కే ఆచారం లేదు.

1947లో ఓపల్ కూడా పట్టుకున్నది. ఇరవై ఏళ్ళ పిల్ల, తెల్లని చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టి పట్టుకున్నది. మూసుకున్న పెంకు లోపల నుంచి ఆ ప్రాణి ఊపిరి బుస్సుమని బయటికి రావడం అరచేతులకు తెలిసింది. ‘హెచ్’ అక్షరపు అడ్డగీత వద్ద మామగారి కత్తి జారి, ఆమె బొటనవేలిని ఎముక కనపడేటట్లు చీల్చింది. అందరూ విరగబడి నవ్వారు. “పెళ్ళికూతురు కూడా సంతకం పెట్టిందిరోయ్!” అన్నాడు మామగారు. అత్తగారు యూలా జేబురుమాలు తీసి ముందు తాబేలు పొట్ట మీది రక్తం తుడిచి, ఆ తరువాత ఆ రుమాలునే ఓపల్ చేతికిచ్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది. చలికాలంలో లాగుతుంది.

పెంకు అంటే గోరువంటిది, నొప్పి ఉండదని ఆ ఇంటివారి నమ్మకం. అది ఎముక అని, ప్రాణమున్న ఎముక అని ఓపల్‌కు 1952లో తెలిసింది. హార్లన్ తమ్ముడి అక్షరాలు చెక్కిన మూడవ వారానికి ఆ గాయం కుళ్ళి, వేలు పెడితే దిగబడే దాకా మెత్తబడింది. రెండు నెలలపాటు రోజూ గీకి, కడిగి, అయొడిన్ పూసి, ఆరే దాకా ఒడిలో పెట్టుకుని కూర్చుని ఆమె దానిని బ్రతికించింది. “పనంతా మానుకుని తాబేలుకు తలంటు పోస్తోందిరా నీ పెళ్ళాం” అని యూలా కొడుకుతో అన్నది. “రోజంతా ఇంట్లో ఇంకేం పని ఉంది లేమ్మా, ఆడుకోనీ” అన్నాడు హార్లన్. అప్పటికి ఓపల్ ఎనిమిది ఆవుల పాలు పితికి, ఐదుగురికి వండి, కడుపులో ఉన్న డెల్‌ను మోస్తున్నది.

కల్నల్ ఆడది. ఈ సంగతి కూడా ఆమె ఒక్కతెకే తెలుసు. 1949 జూన్‌లో ఒక సాయంకాలం అది వెనుక కాళ్ళతో గుంట తవ్వి, ఒకటి తరువాత ఒకటిగా నాలుగు గుడ్లు పెట్టడం ఆమె కళ్ళారా చూసింది. సంబరంగా హార్లన్‌ను పిలుచుకు వచ్చి చూపింది. అతను గుడ్ల వంక చూశాడు, ఆమె వంక చూశాడు. “మా తాత పతకాలున్న సైనికుడు. ఆడా మగా తెలీకుండానే కల్నల్ అని పేరు పెట్టాడంటావా? ఏ కోడిపెట్టో పెట్టుంటుంది” అన్నాడు. మరునాడు దాణా దుకాణంలో ఆ కథ చెప్పి నవ్వించాడు. ఏడాది పొడుగునా ఊరివారు ఆమెను ఆపి, “ఏమమ్మా ఓపల్, మీ కల్నల్‌కి పురిటి స్నానం చేయించావా?” అని అడిగేవారు. ఆ తరువాత ప్రతి జూన్‌లోనూ అది గుడ్లు పెట్టింది. ప్రతి జూన్‌లోనూ ఓపల్ ఎవరికీ చెప్పలేదు.

అది ఎప్పుడూ ఉత్తరపు గోడ వెంటే నడిచేది. తన పల్లం ఎటున్నదో ఆ జాతికి చచ్చేదాకా గుర్తుంటుంది. ఎక్కడికి తెచ్చి వదిలినా అటే నడుస్తుంది. ఆ పల్లం మీద ప్రభుత్వం ఆనకట్ట కట్టి ఇరవై ఏళ్ళైంది. ఇప్పుడక్కడ అరవై అడుగుల నీరు, దాని మీద ఆదివారాల్లో మోటారు పడవలు. ఓపల్ పుట్టిల్లు కూడా ఆ నీటి అడుగునే ఉన్నది. కాళ్ళ గోళ్ళు అరిగేటట్లు గోడ రాసుకుంటూ అది నడుస్తుంటే, ఆమె అంట్లు తోముతూ చూసేది. అక్కడేమీ మిగలలేదని దానికి చెప్పే ఉపాయమేదీ ఆమెకు తోచలేదు.

చావు ఇట్లా వచ్చింది. శీతాకాలంలో పేరులేని ఆ రెండూ ఆవరణలోనే లోతుగా మట్టిలో దిగి నిద్రపోతాయి. ముసలి కల్నల్ ఒంటికి ఆ చలి పడదని, ఓపల్ దానిని ఓక్ ఆకులు నింపిన చెక్కపెట్టెలో బంగాళాదుంపల నేలమాళిగలో పడుకోబెడుతుంది. మరీ వెచ్చబడితే మెలకువ వచ్చి ఆకలికి మాడిపోతుంది. మరీ చల్లబడితే గడ్డకడుతుంది. ఈ ఫిబ్రవరిలో ఓపల్ తల్లి, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అక్క ఫే ఇంట, కన్నుమూసింది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో మొదటిసారి ఓపల్ రెండు రాత్రులు ఇంట లేదు. తిరిగి వచ్చి కోటు విప్పక ముందే, “రెండ్రోజులూ చల్లారిన చిక్కుడుగింజలే తిన్నాం, తెలుసా?” అన్నాడు హార్లన్. నేలమాళిగలో కొత్తగా కోసిన పంది తొడలు రెండు ఉప్పు పట్టించి వ్రేలాడుతున్నాయి. చెక్కపెట్టె తన చోటనే ఉన్నది. కాని దాని పక్కపలక మీద ఎండిన రక్తంతో ఒక బొటనవ్రేలి ముద్ర ఉన్నది. పంది తొడలకు చోటు చేయడానికి ఎవరో పెట్టెను బయట వరండాలో పెట్టి, మరచి, గుర్తు వచ్చాక మళ్ళీ తెచ్చి పెట్టారు. ఆ రెండు రాత్రులూ బయట కుళాయిలు పగిలేటంత చలి.

నిద్ర మధ్యలో లేపకూడదు గనుక మార్చి నెలాఖరు దాకా ఆమె ఆకులు తొలగించలేదు. తొలగించిననాడు దాని కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

ఆమె పైకి వచ్చి, పత్రిక చదువుకుంటున్న హార్లన్ ఎదుట నిలబడి, “నేను లేనప్పుడు ఆ పెట్టె గానీ కదిపావా?” అని అడిగింది.

“నీ పెట్టెతో నాకేం పనే?” అన్నాడు అతను, పత్రిక దించకుండా.

ఎందుకడుగుతున్నావు అని ఒక్క మాట అతను అడిగి ఉంటే ఆమె చెప్పివేసేది. ఏడ్చి ఉండేది కూడా. అతను పుట తిప్పాడు. ఆమె వెళ్ళి, కల్నల్‌ను కంచె అవతల చీమలపుట్ట పక్కన పాతిపెట్టి వచ్చి, మరునాడు ఉదయం మూడు పళ్ళాలూ కడిగింది.

ఎవరో ఒకరు గమనించడానికి మొదట రెండు రోజులనుకున్నది, ఆ తరువాత వారమనుకున్నది. ఎదురు చూడడంలో ఒక చెడ్డ రుచి ఉన్నదని ఆమెకు ఆ వసంతంలో తెలిసింది. యూలా ఎనభై నాలుగేళ్ళ వయస్సులో రోజంతా కిటికీ వద్ద ఊగుడు కుర్చీలోనే ఉంటుంది. మిగిలిన రెండు తాబేళ్ళలో ఏదో ఒకదాని వీపు కనపడగానే, “అదిగో, మా కల్నల్ ఎండకు కూచున్నాడు. ఆ వీపు చూస్తే మా ఆయనే గుర్తొస్తాడు” అంటుంది. వాటిలో ఒకదాని వీపు మూడేళ్ళ క్రితం ట్రక్కు కింద పగిలితే ఓపల్ జిగురు పెట్టి అతికించినది. అడ్డంగా తెల్లని అతుకు ఉన్నది. “మా మగాళ్ళ పేర్లన్నీ మోసిన ప్రాణం అది” అని యూలా ఒకసారి ఆమె వంక తిరిగి అన్నది. “నువ్వేమో ఒక్కణ్ణి మోసి చేతులు దులుపుకున్నావు.” ఓపల్ ఆమెకు కాఫీలో రెండు చెంచాల చక్కెర వేసి కలిపి ఇచ్చింది.

మే నెలాఖరున వేసవి సెలవులకు బడి మూసిన రోజున ప్రిన్సిపాల్ సభ పెట్టి అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. పందొమ్మిదేళ్ళుగా ఆ బడి వంటశాలలో రోజుకు రెండు వందల మంది పిల్లలకు వండుతున్న ఓపల్ వంతు వచ్చేసరికి ఆయన నాలుక తడబడి, “మన... మన హార్లన్ గారి ఇల్లాలు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

జూన్ మొదటి వారంలో జిల్లా వారపత్రిక నుంచి ఫోను వచ్చింది. కొడుకు డెల్ పెళ్ళి వార్తతో పాటు అరవై ఏడేళ్ళుగా ఒకే ఇంట ఉన్న తాబేలును గురించి వ్రాస్తారట. హార్లన్ గొంతు సవరించుకున్నాడు. ఓపల్ పక్కనే బల్ల మీద చిక్కుళ్ళు ఒలుస్తున్నది.

“ఆఁ, అంతా నేనేనండీ. వాడు ఇంకొకరి చేతి తిండి ముట్టడు. తెల్లారి ఆరింటికల్లా నా చేత్తో నేనే పెట్టాలి.” అతను ఫోను నోటిని అరచేత్తో మూసి ఆమె వైపు వంగాడు. “ఏం తింటాడే వాడు?”

“వానపాములు. మల్బరీ పళ్ళు. వానపడితే పుట్టగొడుగులు” అన్నది ఓపల్, చిక్కుళ్ళ మీద నుంచి చూపు ఎత్తకుండా.

“వానపాములండీ, మల్బరీ పళ్ళండీ, వానాకాలమైతే నేనే అడివికెళ్ళి పుట్టగొడుగులు ఏరుకొస్తాను... ఇంతకీ ఎలా ఉన్నాడంటారా? ఇప్పుడే చూసొచ్చాను. కుర్రాడిలా ఉన్నాడు!”

ఆ వాక్యం అచ్చులో వచ్చింది. హార్లన్ దానిని కత్తిరించి రిఫ్రిజిరేటర్ తలుపుకు అంటించాడు. ఓపల్ పాలు తీసుకున్నప్పుడల్లా అది చదువుకున్నది.

ఇక మిగిలినది డెల్ ఒక్కడు. నాలుగేళ్ళ వయస్సులో వాడు ఆమెతో పాటు గోనె ఎత్తి, వానపాములను పిడికిట పట్టుకుని, “అమ్మా, కల్నల్ నా వేలు ముద్దుపెట్టుకున్నాడే!” అని గంతులు వేసిన పిల్లవాడు. గోధుమరంగు కళ్ళు ఆడవాటికని, మగవాటికి ఎర్రగా ఉంటాయని వాడికి ఆమె రహస్యంగా చెప్పింది కూడా. తిన్నగా ఆవరణ వద్దకు వెళ్ళి, వంగి చూసి, అది ఏదమ్మా అని వాడు అడిగితే చాలు. అడిగితే ఆమె అంతా చెప్పి, ఏడ్చి, ఈ ఇంటిలోనే ఉండిపోతుంది. అడగకపోతే ఏమి చేయాలో కూడా ఆమె నిశ్చయించుకున్నది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఫే పనిచేసే ఆసుపత్రి వంటశాలలో ఒక మనిషి కావాలి. “అమ్మ పడుకున్న మంచం ఖాళీగానే ఉందే, ఎప్పుడొస్తావ్?” అని ఫే మూడుసార్లు అడిగింది.

పెళ్ళికి ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం డెల్ తనకు కాబోయే భార్య లనెట్‌తో వచ్చాడు. సంచులు దించి, తల్లి బుగ్గకు బుగ్గ ఆనించి, ఆ వెంటనే వేయించిన కోడి కోసం మూతలు తీస్తూ వంటింటి కిటికీ మీదుగా ఒక్క చూపు విసిరాడు.

“కల్నల్ బాగానే ఉన్నాడుగా?”

“నువ్వే వెళ్ళి చూసిరా, నాయనా” అన్నది ఓపల్.

“కనపడుతున్నాడులే ఇక్కణ్ణించే. బలిశాడు కూడానూ! అమ్మా, గ్రేవీ చేయలేదా?”

“చేస్తాను” అన్నది ఓపల్. చేసింది.

శనివారం తెల్లవారుతూనే ఆమె ఆ రెండు తాబేళ్ళనూ పందికొవ్వు డబ్బాలో గడ్డి వేసి కూర్చోబెట్టి, కారు తీసింది. తన మైలు మేర నేల తప్ప ఆ జాతికి లోకం లేదు. ఏది ఎక్కడ దొరికిందో ఆమెకు జ్ఞాపకమే. ఒకదానిని చర్చి పక్కనున్న తూము వద్ద, అతుకుదానిని పక్క గడ్డిబీటి అంచున రోడ్డుకు దూరంగా దించింది. అతుకుది తల బయటపెట్టి, కాసేపు గాలి వాసన చూసి, వెనుతిరగకుండా గడ్డిలోకి వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చి ఆమె చీమలపుట్ట పక్కన మన్ను తవ్వింది. చీమలు తమ పని శుభ్రంగా ముగించాయి. పెంకును కడిగి, తుడిచి, ఓక్ ఆకుల మధ్య చెక్కపెట్టెలో పెట్టింది. అంతటితో నలభై మందికి కోళ్ళు వేయించడానికి కూర్చున్నది.

రెండున్నరకు, పెళ్ళీ భోజనాలూ అయిన తరువాత, వాల్‌నట్ చెట్టు కింద బల్ల తుడిచారు. హార్లన్ చొక్కా చేతులు మడిచి, తాత జేబుకత్తిని బూటు అట్టకు రాశాడు. “ఓపల్! పట్రా మనవాణ్ణి!” అని కేక పెట్టాడు. “చూడమ్మా లనెట్, వాడు బుస్సుమంటాడు, భయపడకు. గట్టిగా పట్టుకో. ముప్పై ఏళ్ళ కిందట మీ అత్తగారు సరిగ్గా పట్టుకోక వేలు కోసుకుంది!” అందరూ నవ్వారు. ఓపల్ పెట్టెను తెచ్చి బల్ల మీద పెట్టింది.

హార్లన్ ఆకులలో చేయి పెట్టి, ఎత్తి, బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. ఏమస్, 1911. తండ్రి, 1923. హార్లన్, 1947, వంకర పోయిన అడ్డగీతతో. తమ్ముడు, 1952, చుట్టూ గుంటలు పడి. “తేలికైపోయాడేంటి వీడు...” అని, వంగి, తల ఉండవలసిన చోట చూశాడు. అవతలి వైపు నుంచి వెలుతురు కనపడింది. ఎవరిదో చంటిపిల్ల కిలకిలా నవ్వింది. మరెవరూ నవ్వలేదు.

“ఎప్పుడు?” అన్నాడు హార్లన్.

“ఫిబ్రవరిలో. నేను మా అమ్మను పాతిపెట్టి వచ్చేలోగా. పెట్టె పక్కపలక మీద నీ వేలిముద్ర ఇంకా ఉంది, చూసుకో.”

అతను చూడలేదు. మెడ మీదికి ఎరుపు పాకింది. “నాలుగు నెలలా! మరి ఇన్నాళ్ళూ నువ్వేం చేస్తున్నావే?”

“నువ్వు చేస్తున్నానని పేపర్లో చెప్పుకున్నావే, అది. ఆరింటికి లేచి వానపాములు తరిగాను.”

వెనుక ఎవరో దగ్గును అణచుకున్నారు. “అమ్మా!” అన్నాడు డెల్, పళ్ళ మధ్య నుంచి. “ఇవాళే దొరికిందా నీకు? లనెట్ వాళ్ళ వాళ్ళందరి ముందూనా?” ఓపల్ వాడి వంక చూసింది. నాలుగేళ్ళ పిల్లవాడి ముఖం కోసం వెదికి, మానుకున్నది.

అప్పుడు యూలా అందుకున్నది. ఊగుడు కుర్చీతో సహా ఆమెను చెట్టు కిందికి మోసుకు వచ్చి ఉంచారు. “ఏమైందర్రా అందరికీ? చస్తే చచ్చింది. పెంకుంది కదా? చెక్కండి. ఇప్పుడైతే కదలదు కూడాను.”

ఆ మాటతో నలభై మందికీ ఊపిరి వచ్చింది. నిజమే అన్నారు. ఇంకా మేలే అన్నారు. ఇక గోడకు తగిలించుకోవచ్చునని హార్లన్ తమ్ముడు అన్నాడు. హార్లన్ కూడా నవ్వి, నుదురు తుడుచుకుని, కత్తి తెరిచాడు. “రామ్మా, లనెట్, పట్టుకో.”

లనెట్ రెండు చేతులూ పెంకు మీద ఆనించింది. గులాబీరంగు గోళ్ళు, ఇరవై రెండేళ్ళ చేతులు. ఓపల్ బల్ల మీదుగా వంగి, తన బొటనవేలు ఆ పిల్ల బొటనవేలి పక్కన ఉంచింది.

“చెయ్యి తీసెయ్యి, తల్లీ. చచ్చినదాన్ని పట్టుకోనక్కర్లేదు.”

ఆ పిల్ల మచ్చ వంక చూసింది. వ్రేళ్ళు ఒక్క క్షణం సడలాయి. అంతలో డెల్ వంక చూసింది, ఫోటో తీయడానికి సిద్ధంగా నిలబడ్డ తన తల్లి వంక చూసింది, నవ్వింది, ఇంకా గట్టిగా పట్టుకున్నది. కత్తి దిగిన చప్పుడు ఎండిన చెక్కను గీకినట్లున్నది. బుస్సుమనే ఊపిరి లేదు.

ఓపల్ వంటింటిలోకి వచ్చింది. ఎంగిలి పళ్ళాలు నలభై, బల్ల నిండా. పొయ్యి మీద పెద్ద గిన్నెలో గ్రేవీ తొరక కట్టింది. ఆమె ఆప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, మంచం కింద గురువారం నుంచే సర్ది ఉన్న సూట్‌కేసు తీసుకున్నది. పెరటి తలుపు వద్ద నీలం అంచు పళ్ళెం బోర్లించి ఉన్నది. దానిని తీసుకుందామనుకుని ఆగింది. దానిని తిరగేసి, ఎప్పటివలె ఉత్తరపు గోడ వద్ద, ఖాళీ ఆవరణలో పెట్టి వచ్చింది.

స్ప్రింగ్‌ఫీల్డ్ బస్సు నాలుగింటికి మందుల దుకాణం ముందు ఆగుతుంది. నడిచి చేరుకోవడానికి వేళ చాలినంత ఉన్నది. చెట్టు కింద చప్పట్లు వినిపించాయి. ఒక మగవాడి పేరు పూర్తయినట్లుంది. తాబేలు లేదని తెలియడానికి ఆ ఇంటివారికి నాలుగు నెలలు పట్టింది. తాను లేనని రేపు ఉదయం కాఫీ వేళకే తెలిసిపోతుంది. దానికీ తనకూ ఆ ఇంట ఉన్న తేడా అంతేనని ఆమెకు తోచింది. ఆ తరువాత ఇక ఆమె ఆ ఇంటిని గురించి ఏమీ తలచుకోలేదు.